పౌరుషం సరే, సాక్ష్యం ఎవరు చెప్పాలి?

2014 అక్టోబరులో అమెరికాలోని సియాటిల్ నగరంలో మార్స్ హిల్ సంఘం పాస్టరు మార్క్ డ్రిస్కాల్ రాజీనామా చేశారు. 1996లో ఇంట్లో చిన్న కూటంగా మొదలైన ఆ సంఘానికి అప్పటికి ఐదు రాష్ట్రాల్లో 15 శాఖలున్నాయి, ఆదివారం ఆరాధనలకు సుమారు 12 వేలమంది వచ్చేవారు. ఆయనమీద మాజీ పాస్టర్లు చేసిన ఫిర్యాదులను సంఘ పాలకమండలి విచారించింది. కొన్ని సందర్భాల్లో ఆయన గర్వంగా ప్రవర్తించారని, ఎవరైనా విభేదిస్తే చప్పున కోపం తెచ్చుకుని కటువుగా మాట్లాడారని, సిబ్బందిమీద, పెద్దలమీద పెత్తనం చెలాయించారని తేల్చింది. ఆ వెంటనే, అయినా ఆయన పరిచర్యకు అనర్హులు కారని కూడా చెప్పింది. అక్రమ సంబంధాలు లేవు, చట్టాన్ని ఉల్లంఘించలేదు, బోధలో తప్పు లేదు కాబట్టి అనర్హత లేదన్నది వాళ్ళ లెక్క.

బైబిలు చదివేవాళ్ళకు ఈ తీర్పు మింగుడు పడదు. సంఘ నాయకుడికి ఉండాల్సిన లక్షణాలను తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయంలో వరసగా చెప్పాడు. "నిందారహితుడును, ఏకపత్నీ పురుషుడును, మితానుభవుడును, స్వస్థబుద్ధిగలవాడును, మర్యాదస్థుడును, అతిథిప్రియుడును, బోధింపతగినవాడునై" ఉండాలి. "మద్యపానియు కొట్టువాడునుకాక, సాత్వికుడును, జగడమాడనివాడును, ధనాపేక్షలేనివాడునై" ఉండాలి. తీతుకు రాసిన పత్రికలోనైతే ముక్కోపి కాకూడదని విడిగా చెప్పాడు. అంటే ఆ మండలి ఏ గుణాలు ఉన్నాయని తేల్చిందో, ఆ గుణాలు ఉండకూడదనే పౌలు రాశాడు. వ్యభిచారం ఒక్కటే అనర్హత అన్న గీత ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఈ జాబితాలో ఇంకో సంగతి ఉంది. ఇందులో ప్రతిభ అనదగ్గది ఒక్కటే, బోధించే సామర్థ్యం. వేదిక ఎక్కి జనానికి చూపించగలిగేదీ అదొక్కటే. మిగతావన్నీ పక్కనున్నవాళ్ళు చెబితే తప్ప బయటికి తెలియవు. భర్తగా ఎలాంటివాడో భార్యకు తెలుస్తుంది. కొట్టేవాడో కాదో ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళకు తెలుస్తుంది. డబ్బు విషయంలో ఎలాంటివాడో కానుకల లెక్కలు రాసేవాళ్ళకు తెలుస్తుంది. అక్కడితో ఆగకుండా పౌలు, "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెను" అని కూడా కలిపాడు. సంఘంలో లేనివాళ్ళకు, అంటే ఆ మనిషిని పొగడాల్సిన అవసరం ఏమాత్రం లేనివాళ్ళకు, ఇక్కడ ఒక ఓటు దక్కింది. క్రైస్తవ నాయకత్వంలో మగతనం గురించి నూటయాభై ఏళ్ళుగా జరుగుతున్న వాదాలన్నిటిలో ఎక్కువగా మరుగున పడింది ఈ ఓటే.

ఆ వాదాలు ఇంగ్లండులో 1850ల ప్రాంతంలో మొదలయ్యాయి. చర్చి ఆడవాళ్ళ చోటుగా మారిపోయిందని, పాస్టర్లు మెతకబారిపోయారని చార్లెస్ కింగ్‌స్లీ, థామస్ హ్యూస్ వంటి రచయితలు బాధపడ్డారు. ఆరోగ్యమైన శరీరం, ఆటలు, ధైర్యం, బలహీనుల పక్షాన నిలబడే తెగువ ఇవన్నీ భక్తిలో భాగమని వాదించారు. దీనికి 'కండబలపు క్రైస్తవం' అని ఎగతాళిగా పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. 1844లో లండన్‌లో పుట్టిన క్రైస్తవ యువకుల సంఘం వైఎంసీఏ దీన్ని ఊరూరికీ తీసుకెళ్ళింది. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టాడు. నాలుగేళ్ళకు మరో వైఎంసీఏలో విలియం మోర్గన్ వాలీబాల్ మొదలుపెట్టాడు. మన పల్లెల్లో సాయంత్రంపూట కర్రలు పాతి, వల కట్టి ఆడే వాలీబాల్ ఒక క్రైస్తవ ఉద్యమపు సంతానమని ఆడేవాళ్ళలో ఎంతమందికి తెలుసో! మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో ప్రారంభించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల కూడా ఈ కుదురులోదే.

మొదట్లో ఈ ఉద్యమంలో క్రమశిక్షణ పాలు ఎక్కువ. పట్నానికి ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్ళు తాగుడుకు, జూదానికి పోకుండా వాళ్ళకో గది, పుస్తకాలు, వ్యాయామశాల, సావాసం ఇవ్వడమే దాని పని. కానీ అది బ్రిటిష్ సామ్రాజ్యం నడుస్తున్న కాలం కూడా. ఆటలమైదానంలో తయారైన మగవాళ్ళే వలసలను పాలించడానికి పుట్టారన్న నమ్మకం దీన్ని ఆనుకునే పెరిగింది. 1895 నుంచి దక్షిణ భారతంలో వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య ఈ రెండు ముఖాలనూ దగ్గర నుంచి చూశారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడుతూ, మిషనరీలు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ భారతీయులతో స్నేహం చేయలేకపోయారని వాళ్ళ ముఖంమీదే చెప్పారు. మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. సభలో చాలామందికి అది నచ్చలేదు. త్యాగానికి, ధైర్యానికి లోటు లేని నాయకులు పక్కవాళ్ళ కంటికి ఎలా కనిపిస్తున్నారో ఒక 'వెలుపటివాడు' చెప్పిన సాక్ష్యమది. రెండేళ్ళ తర్వాత, 1912లో, ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

అమెరికాలో కథ మరో దారి పట్టింది. బేస్‌బాల్ ఆట వదిలి సువార్తికుడైన బిల్లీ సండే 1910లలో వేదికమీద గెంతుతూ, బంతి విసిరినట్టు అభినయిస్తూ, యేసు మెతక మనిషి కాదని గర్జించేవాడు. జనం విరగబడి వచ్చారు. వ్యాయామశాల, పుస్తకాల గది, సావాసం వెనక్కి పోయి గొంతు, భంగిమ ముందుకొచ్చాయి. వందేళ్ళ తర్వాత డ్రిస్కాల్ ఈ వరసలోనే తాను కొట్టగలిగే యేసును తాను ఆరాధించలేనన్నారు. సియాటిల్ కుర్రాళ్ళకు ఆ మాటలు బాగా ఎక్కాయి. వాళ్ళలో చాలామంది నిజంగానే ఉద్యోగాలు వెతుక్కున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, తాగుడు మానారు. ఇది కాదనడానికి లేదు. అయితే 2007లో సంఘ నియమావళిని మార్చి అధికారాన్ని కొద్దిమంది చేతుల్లో పెట్టబోతే అభ్యంతరం చెప్పిన ఇద్దరు పెద్దలను ఉద్యోగాల్లోంచి తీసేశారు. అసలు లెక్క తప్పింది ఆ రోజే. తర్వాతి ఏడేళ్ళలో బయటపడ్డవన్నీ, లోపల నిలబడి "ఇది సరికాదు" అనగలిగిన మనుషులు లేకపోవడంవల్ల పెరిగినవే. రాజీనామా జరిగిన కొద్ది నెలలకే మార్స్ హిల్ మూతపడింది. డ్రిస్కాల్ 2016లో అరిజోనాలో మరో సంఘం పెట్టుకున్నారు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివర్లో "పౌరుషముగలవారై యుండుడి, బలవంతులై యుండుడి" అన్న మాట ఉంది. మగవాళ్ళ కూటాల్లో దీన్ని తరచూ ఎత్తుకుంటారు. "మీరు చేయు కార్యములన్నియు ప్రేమతో చేయుడి" అన్న తర్వాతి వచనం దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఇక రాజకీయం. అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ సంస్థ సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1998 జూన్‌లో సాల్ట్ లేక్ సిటీలో సమావేశమైంది. అధ్యక్షుడు క్లింటన్‌మీద వచ్చిన అక్రమ సంబంధం ఆరోపణలు దేశాన్ని కుదిపేస్తున్న రోజులవి. ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారి నైతిక శీలం గురించి ఆ సమావేశం ఒక తీర్మానం చేసింది. నాయకుల తప్పులను చూసీచూడనట్టు వదిలేస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారిపోతుందని, దేవుని తీర్పు తప్పదని హెచ్చరించింది. అదే సమావేశం విశ్వాస ప్రమాణంలో కుటుంబం గురించి ఒక అంశం కలిపి, భార్య భర్త నాయకత్వానికి లోబడాలని రాసింది. రెండేళ్ళకు పాస్టరు పదవి మగవాళ్ళకే అని కూడా చేర్చింది. కాబట్టి 1998 నాటికి వాళ్ళ దృష్టిలో మగవాడి నాయకత్వం, నాయకుడి శీలం జంటగా నడిచే విషయాలే.

ఆ జంట విడిపోయిన తీరును ప్రజాభిప్రాయ సేకరణ సంస్థ పీఆర్ఆర్ఐ సర్వేలు చూపిస్తాయి. వ్యక్తిగత జీవితంలో అనైతికంగా ప్రవర్తించిన నాయకుడు ప్రభుత్వ బాధ్యతలను నీతిగా నిర్వహించగలడా అని 2011లో అడిగితే, శ్వేతజాతి ఇవాంజెలికల్ (బైబిలుకు, సువార్త ప్రచారానికి పెద్దపీట వేసే) క్రైస్తవుల్లో 30 శాతమే నిర్వహించగలడన్నారు. 2016 అక్టోబరులో అదే ప్రశ్నకు 72 శాతం అవునన్నారు. ఐదేళ్ళలో ఇంత తిరుగుడు మరే మత వర్గంలోనూ కనిపించలేదు. ఏ మతమూ లేదనుకునేవాళ్ళ అభిప్రాయం దాదాపు ఉన్నచోటే ఉంది. ట్రంప్ అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆ ఏడాదే, ఆయనను సమర్థించిన డల్లాస్ నగరంలోని ప్రముఖ పాస్టరు రాబర్ట్ జెఫ్రెస్, యేసు కొండమీది ప్రసంగంలో చెప్పిన సాత్వికుడు దేశాధ్యక్షుడిగా తనకు అక్కర్లేదని, దేశాన్ని కాపాడటానికి వీలైనంత కఠినుడు, మొరటువాడు కావాలని బాహాటంగా అన్నారు.

ఆ పక్షం వాదననూ వినాలి. పాస్టరును ఎన్నుకోవడం వేరు, పాలకుడిని ఎన్నుకోవడం వేరు అంటారు వాళ్ళు. న్యాయమూర్తుల నియామకాలు, గర్భస్రావ చట్టాలు వంటివి తూచి ఓటు వేయడం బాధ్యతే తప్ప ఆ మనిషికి మంచివాడని సర్టిఫికెట్ ఇవ్వడం కాదంటారు. ఓటరుగా అది చెల్లే వాదనే. అయితే 1998 తీర్మానం పాస్టర్ల గురించి చేసింది కాదు, పాలకుల గురించి చేసింది. 2019 డిసెంబరులో ఇవాంజెలికల్ పత్రిక 'క్రిస్టియానిటీ టుడే' ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసి, క్లింటన్ విషయంలో తాము 1998లో ఏమన్నామో గుర్తుచేసింది. పార్టీ మారినా కొలమానం మార్చనివాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళ సంఖ్య తగ్గింది.

ఇంతవరకు చదివితే, మొరటు మగతనాన్ని వదిలేసి మృదువుగా ఉంటే సరిపోతుందనిపించవచ్చు. చాలామంది విమర్శకులు అక్కడే ఆగిపోతారు. కానీ షికాగో దగ్గర విల్లో క్రీక్ సంఘాన్ని స్థాపించిన బిల్ హైబెల్స్ మొరటు మనిషేమీ కాదు. ఆ సంఘంలో ఆడవాళ్ళు పెద్దలుగా ఉండేవారు, బోధించేవారు. నాయకత్వ శిక్షణకు ఆయన మొదలుపెట్టిన వార్షిక సదస్సును ఎన్నో దేశాల్లో చూసేవారు. ఆడవాళ్ళతో అనుచితంగా ప్రవర్తించారన్న ఆరోపణలు 2018లో పత్రికలకెక్కాక ఆయన తప్పుకున్నారు, ఆరోపణలను మాత్రం ఖండించారు. మొదట ఆయనను వెనకేసుకొచ్చిన పెద్దలందరూ ఆగస్టులో రాజీనామా చేశారు. మరుసటి ఏడాది స్వతంత్ర బృందం ఆ ఆరోపణలు నమ్మదగినవేనని చెప్పింది.

మద్రాసులో పుట్టి, క్రైస్తవ విశ్వాసాన్ని తర్కంతో సమర్థిస్తూ ప్రపంచమంతా తిరిగి ప్రసంగించిన రవి జకరయ్య విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లో ఇంగ్లీషు చదువుల క్రైస్తవ కుటుంబాలకు ఆయన గర్వకారణం. నెమ్మదైన గొంతు, చక్కని భాష, ఎదుటివాడి ప్రశ్నను గౌరవించే పద్ధతి. 2017లో ఒక మహిళ ఆరోపణ చేస్తే ఆయనే ఆమెమీద దావా వేశారు. చివరికి ఆమె నోరు విప్పకూడదన్న ఒప్పందంతో అది ముగిసింది. ఆయన సంస్థ బోర్డు ఆయన మాటే నమ్మింది. 2020 మేలో ఆయన చనిపోయాక సంస్థ న్యాయవాదులతో విచారణ చేయించింది. అనేక సంవత్సరాలు పలువురు మహిళలపట్ల లైంగిక దుష్ప్రవర్తన జరిగిందని 2021 ఫిబ్రవరి నివేదిక నిర్ధారించింది. ఆయన ఫోన్లలో 200కి పైగా మసాజ్ థెరపిస్టుల నంబర్లు దొరికాయి. బోర్డు క్షమాపణ చెప్పింది, అప్పటికి దోషి సమాధిలో ఉన్నాడు.

డ్రిస్కాల్ గర్జన, జకరయ్య సౌమ్యత పైకి ఎదురెదురు స్వభావాలు. రెంటిలోనూ జరిగింది ఒకటే. మనిషి ఎలాంటివాడో ఆ మనిషే చెప్పుకున్నాడు, వేదిక కింద కూర్చున్నవాళ్ళు నమ్మారు. సిబ్బంది, విడిచివెళ్ళినవాళ్ళు, ఫిర్యాదు చేసిన మహిళలు సాక్షులుగా కాకుండా శత్రువులుగా కనిపించారు. పౌరుషమూ నటించవచ్చు, సాత్వికమూ నటించవచ్చు. నటించలేనిది ఇతరుల సాక్ష్యం ఒక్కటే.

ఇది ముందే గ్రహించినవాళ్ళూ ఉన్నారు. 1948లో బిల్లీ గ్రాహం, ఆయన ముగ్గురు సహచరులు కాలిఫోర్నియాలోని మొడెస్టోలో కూర్చుని, తమ వృత్తిలోని ఇతర సువార్తికులు ఎక్కడ పడిపోతున్నారో లెక్క వేసుకున్నారు. డబ్బు, ఆడవాళ్ళు, స్థానిక సంఘాలను తిట్టడం, జనసంఖ్యను పెంచి చెప్పడం అనే నాలుగు గుంటలు తేలాయి. సభకు ఎంతమంది వచ్చారో తాము చెప్పకుండా పోలీసులో, మైదానం నిర్వాహకులో చెప్పిన అంకె వాడాలనుకున్నారు. కానుకల పెత్తనం తమ చేతుల్లో ఉంచుకోకూడదనుకున్నారు. పరాయి స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్న నియమమే లోకమంతా ప్రచారమైంది. దానివల్ల ఆడ ఉద్యోగులకు పై అధికారులతో మాట్లాడే అవకాశాలు పోతాయన్న విమర్శలో పస ఉంది. కానీ మిగతా మూడూ ఎవరికీ గుర్తులేకపోవడం విచిత్రం. మన ఉజ్జీవ సభల పోస్టర్లమీద లక్షల్లో వేసే అంకెలు చూస్తే పోలీసుల లెక్క అన్న నియమం విలువ తెలుస్తుంది.

సమాజశాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ విల్‌కాక్స్ 2004లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ పనికొస్తుంది. సంప్రదాయ ప్రొటెస్టెంట్ భర్తల్లో క్రమం తప్పకుండా గుడికి వెళ్ళేవాళ్ళలో భార్యను కొట్టడం తక్కువని, పిల్లలతో గడిపే సమయం ఎక్కువని ఆయన చూపించారు. పేరుకు మాత్రమే ఆ సంప్రదాయంలో ఉండి గుడికి వెళ్ళనివాళ్ళలో కొట్టడం ఎక్కువని తేలింది. ఇద్దరికీ అందిన బోధ ఒకటే, భర్త ఇంటికి తల అని. మొదటివాడిని నలుగురు చూస్తుంటారు, భార్య స్నేహితులు అదే గుళ్ళో ఉంటారు. రెండోవాడికి పెత్తనం మాత్రమే మిగిలింది, చూసేవాళ్ళు లేరు. తేడా అక్కడే ఉందని చదివినప్పుడల్లా అనిపిస్తుంది, రచయిత ముగింపు కచ్చితంగా అదే కాకపోయినా.

మగవాళ్ళే నడిపించాలా, ఆడవాళ్ళూ నడిపించవచ్చా అన్న వాదం ఎంత గట్టిగా జరుగుతుందో, సాక్ష్యం గురించిన వాదం అంత నీరసంగా సాగుతుంది. 2022 మేలో బయటికొచ్చిన గైడ్‌పోస్ట్ అనే దర్యాప్తు సంస్థ నివేదిక ప్రకారం సదరన్ బాప్టిస్ట్ కార్యాలయ సిబ్బంది ఒకరు లైంగిక నేరాల ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్లు రహస్యంగా రాసిపెట్టుకున్నారు, సంఘాలకు మాత్రం చెప్పలేదు. అదే సంస్థ మరుసటి ఏడాది, ఆడవాళ్ళను పాస్టర్లుగా నియమించినందుకు కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ సంఘాన్ని బయటికి పంపింది. దోషుల పేర్లతో పెడతామన్న వెబ్‌సైటు 2024 సమావేశం నాటికి ఒక్క పేరూ లేకుండానే ఉంది. అదే తిమోతి పత్రిక చదివే దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వేరే దారిన వెళ్ళింది. 1976 నుంచి ఆడవాళ్ళకు గురుపట్టం ఇస్తోంది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలితను బిషప్‌గా నియమించింది. ఆ సంఘ చరిత్రలో తొలి మహిళా బిషప్ ఆమెనే. ఆడవాళ్ళు వస్తే అధికార దాహం తగ్గిపోతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. అయితే సాక్ష్యం చెప్పేవాళ్ళ వరసలో ఇంతకాలం వెనక నిలబడ్డవాళ్ళకు ముందు కుర్చీ దొరకడం చిన్న విషయం కాదు.

తెలుగు నేలమీద సినడ్లు (పాలక సభలు), బిషప్పులు ఉన్న పాత సంఘాలకంటే ఇప్పుడు వేగంగా పెరుగుతున్నవి స్వతంత్ర సంఘాలు. పాత తరంలో భక్తసింగ్ నడిపిన హెబ్రోను సహవాసాల్లో జీతం తీసుకునే పాస్టరంటూ ఉండడు, కొంతమంది పెద్దలు కలిసి చూసుకుంటారు, అందరూ సహోదరులే. తర్వాత వచ్చిన చాలా సంఘాల్లో స్థాపకుడే 'దైవజనుడు'. ట్రస్టుకు ఆయనే చైర్మన్, భార్య, కొడుకు, అల్లుడు సభ్యులు. యూట్యూబ్ చానల్, ప్రార్థన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ ఆ ఇంట్లోనే. తెగువగా మాట్లాడటం, ఎదుటి బోధకుడిని వీడియోల్లో దులిపేయడం ధైర్యానికి గుర్తుగా చలామణి అవుతోంది. జగడమాడనివాడు అన్న అర్హత అక్కడ ఎవరికీ పట్టదు.

ప్రశ్న వస్తే అడ్డంగా చెప్పే వచనం ఒకటుంది, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." అది 105వ కీర్తనలోది. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబాలు. గుప్పెడుమంది పరదేశులు దిక్కులేక దేశాలు పట్టి తిరుగుతుంటే, వాళ్ళ జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం. బలవంతుడి చేతినుంచి బలహీనుడిని కాపాడిన మాటను తీసుకెళ్ళి కారు, మైకు, ట్రస్టు ఉన్న మనిషికి కవచంగా తొడిగారు. తనను వెంటాడుతున్న రాజు సౌలును చంపనని దావీదు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ నోరు మూసుకోలేదు. గుహ బయట నిలబడి, సైన్యం వినేలా, నీవు నాకు చేసింది అన్యాయమని చెప్పాడు. అదే దావీదు రాజై తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు అతన్ని పదవిలోంచి తీసేయలేదు.

ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప పెద్దమీద ఆరోపణను అంగీకరించవద్దని తిమోతి పత్రిక ఐదో అధ్యాయం చెబుతుంది. దొంగ ఆరోపణల కాలంలో అది అవసరమే, సంఘాలు దాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. మరుసటి వాక్యం, పాపం చేసినవారిని ఇతరులు భయపడేలా అందరి ఎదుట గద్దించమంటుంది. రెండూ అమలు కావాలంటే ఆ పెద్ద ఇంటికి, జీతానికి, ట్రస్టుకు కట్టుబడని మనుషులు కనీసం ముగ్గురు సంఘంలో ఉండాలి. వాళ్ళు మాట్లాడితే వినాల్సిన బాధ్యత ఎవరిదో నియమావళిలో రాసి ఉండాలి. సభ్యులు పదిమంది ఉన్నప్పుడే రాసుకోవాల్సిన కాగితమిది, ఎందుకంటే వేలమంది అయ్యాక నియమావళి గురించి అభ్యంతరం చెప్పిన ఇద్దరిని మార్స్ హిల్‌లో ఏం చేశారో తెలిసిందే.